కంఠమణి కింది సందు

కంఠమణి మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జార్చండి. గట్టి భాగం అయిపోగానే వేలు చిన్న గుంటలో దిగుతుంది. దాని కింద మళ్లీ ఉంగరంలా గట్టిగా తగులుతుంది. ఆ గుంటలో చర్మం కింద ఒక పొర, ఆ వెనకే ఊపిరి దారి. పొర ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు. నోట్లోంచి ట్యూబు పడక, మాస్కుతోనూ ఆక్సిజన్ అందనప్పుడు మత్తు డాక్టరుకు మిగిలే చోటు అదే.

గొంతు కోసి ఊపిరి అందించడం పాత విద్యే. భయమూ అంత పాతదే. 1799 డిసెంబరులో జార్జి వాషింగ్టన్‌కు గొంతు వాచి ఊపిరాడకపోతే, ముగ్గురు వైద్యుల్లో పిన్నవాడైన ఎలిషా డిక్ శ్వాసనాళానికి రంధ్రం చేద్దామన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. నెత్తురు మాత్రం మళ్లీ మళ్లీ తీశారు. 14వ తేదీ రాత్రి ఆయన కన్నుమూశాడు.

తర్వాతి అడ్డంకి శాస్త్రం పేరుతోనే వచ్చింది. అమెరికాలో గొంతు వైద్యానికి పెద్దదిక్కు షెవాలియర్ జాక్సన్. ఊపిరి దారి ఇరుకైపోయి తన దగ్గరికి వచ్చిన దాదాపు 200 మందిని పరీక్షించి, ఈ సందుతో సహా గొంతు పైభాగాన కోయడమే చాలామందికి ఈ గతి పట్టించిందని 1921లో తేల్చాడు. ఆయన చూసింది నిజమే. కానీ కోత తర్వాత చక్కగా కోలుకున్నవాళ్లు ఆయన గడప తొక్కే అవసరమేముంది? ఆ మాటతో అరశతాబ్దం పాటు ఈ సందు దాదాపు నిషిద్ధమైంది. 1976లో బ్రాంటిగన్, గ్రో అనే డాక్టర్లు అక్కడే కోసిన 655 మంది వివరాలు ప్రచురించాకే ఆ భయం సడలింది.

కత్తి కన్నా సూది మేలన్న నమ్మకం మాత్రం పోలేదు. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఏడాది పాటు జరిపిన పరిశీలన ఫలితాలు 2011లో వచ్చాయి: అత్యవసరంలో సూదితో సన్న గొట్టం గుచ్చిన ప్రయత్నాల్లో సుమారు 60 శాతం విఫలం. కత్తితో కోసినవి దాదాపు అన్నీ ఫలించాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన లెక్క ఇదే.

2015 నాటి బ్రిటిష్ సూచనలు అందుకే కత్తినే ఎంచుకున్నాయి. పొరలో అడ్డంగా ఒక్క పోటు, బ్లేడు తిప్పి పట్టుకోవడం, దాని వెంట బూజీ అనే సన్నని, వంగే కడ్డీని జార్చడం, ఆ కడ్డీ మీదుగా 6 నంబరు ట్యూబు. గుంట చేతికి తగలకపోతే ముందు నిలువుగా 8 నుంచి 10 సెంటీమీటర్ల కోత. వీటన్నిటికన్నా ముందు, ట్యూబు పడలేదని, ఆక్సిజన్ అందడం లేదని గదిలో అందరికీ వినబడేలా చెప్పాలని కూడా అందులోనే రాశారు.