ట్రేడ్ లైసెన్సు గడువు మార్చి కాదు, జనవరి: షాపు ఉన్నవాళ్లు చూసుకోవాల్సిన విషయాలు

మా మామూకు హైదరాబాద్‌లో 300 చదరపు అడుగుల ఫ్యాన్సీ షాపు ఉంది. రెండేళ్ల కిందట ఈద్ అయిపోయాక ట్రేడ్ లైసెన్సు కట్టడానికి వెళితే అసలు ఫీజు మీద సగం ఎక్కువ అడిగారు. "మార్చి ఆఖరు దాకా టైముందని లెక్కలు రాసే అతనే చెప్పాడు కదా" అని మామూ వాదన. అతను చెప్పింది ఇన్‌కమ్ టాక్స్ లెక్కల సంవత్సరం గురించి. మామూ దాన్ని లైసెన్సుకు కూడా అన్వయించుకున్నారు. బీకాం చదివిన నన్ను ముందే ఒక్క మాట అడిగినా సరిపోయేది, అడగలేదు. నేనూ చెప్పలేదు.

అసలు విషయం ఏమిటంటే, జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సుకు క్యాలెండర్ సంవత్సరమే లెక్క. జనవరి 1న మొదలై డిసెంబరు 31తో అయిపోతుంది. మీరు లైసెన్సు సెప్టెంబరులో తీసుకున్నా సరే, ఆ డిసెంబరుకే దాని గడువు తీరుతుంది. కొత్త సంవత్సరానికి జనవరి 31 లోపు కడితే జరిమానా లేదు. ఫిబ్రవరి 1 నుంచి మార్చి 31 వరకు 25 శాతం, ఏప్రిల్ 1 దాటితే 50 శాతం అదనం. ఇన్నేళ్లుగా నడుస్తున్న పద్ధతి ఇదే. అసలు లైసెన్సే లేకుండా షాపు నడుపుతూ తనిఖీలో దొరికితే 100 శాతం జరిమానా, దానిపైన లైసెన్సు తీసుకునే వరకు నెలకు 10 శాతం చొప్పున పెరుగుతుంది.

ఫీజును షాపు విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు చూసి వేస్తారు. సన్నని గల్లీకి తక్కువ, పెద్ద రోడ్డుకు ఎక్కువ. మామూ షాపుకు చదరపు అడుగుకు 4 రూపాయల లెక్కన 1,200 రూపాయలు. జనవరిలో కడితే అంతే. మార్చిలో అయితే 1,500, ఏప్రిల్‌లో 1,800. తేడా ఆరు వందలే కదా అనుకోవచ్చు. పెద్ద రోడ్డు మీద రెండు వేల అడుగుల బట్టల షాపుకు ఇదే లెక్క వేసి చూడండి. పైగా లైసెన్సు లేని రోజుల్లో అధికారి వస్తే మీ చేతిలో చూపించడానికి కాగితం ఉండదు. బ్యాంకులో ముద్రా లోనుకు, కరెంట్ అకౌంటుకు వెళ్లినా తరచుగా అడిగే కాగితాల్లో ఇదొకటి.

మన ఇళ్లల్లో ఈ ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మార్చి మొదట్లో వచ్చింది, 2026లో ఫిబ్రవరి మూడో వారంలో. 2028 నాటికి జనవరి ఆఖరుకే వస్తుంది. అంటే సరుకు తెచ్చుకునే షాబాన్ హడావుడి, లైసెన్సు గడువు ఒకేసారి మీద పడతాయి. చేతిలో ఉన్న డబ్బంతా సరుకులో పెట్టి, ఈద్ అయ్యాక చూద్దాంలే అనుకుంటాం. అందుకే డిసెంబరు ఆఖరులోనో జనవరి మొదటి వారంలోనో కట్టేసి పక్కన పెట్టడం మేలు. రంజాన్‌లో రాత్రంతా షాపులు తెరిచి ఉంచడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి కేవలం సమయానికి సంబంధించింది. దాన్ని చూసి లైసెన్సు అడగరులే అనుకోకూడదు.

కట్టడం కష్టమేమీ కాదు. జీహెచ్ఎంసీ వెబ్‌సైట్‌లో, మీసేవలో, సర్కిల్ ఆఫీసులోని సిటిజన్ సర్వీస్ సెంటర్‌లో కట్టవచ్చు. పాత లైసెన్సు మీదున్న ట్రేడ్ ఐడెంటిఫికేషన్ నంబరు ఉంటే చాలు, ఎంత కట్టాలో అదే చూపిస్తుంది. ఎవరికైనా డబ్బిచ్చి కట్టించుకున్నా రసీదు మాత్రం మీ నంబరుతో మీరే చూసుకోండి. కొత్త సర్టిఫికెట్ తీసి గోడకు తగిలించండి. చాలా షాపుల్లో గోడ మీద మూడేళ్ల నాటిదే కనిపిస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు పేరుతో వస్తుంది. అబ్బా పేరు మీద లైసెన్సు, అబ్బా ఇంతెఖాల్ అయి ఐదేళ్లు, కొడుకులు ఏటా అదే నంబరు మీద డబ్బు కడుతూ పోతారు. డబ్బు తీసుకుంటుంది కాబట్టి అంతా సరిగ్గానే ఉందనిపిస్తుంది. లోను అడిగినప్పుడు, అన్నదమ్ములు విడిపోయినప్పుడు, షాపు ఇంకొకరికి ఇచ్చినప్పుడు ఆ కాగితం పనికిరాదు. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల కాగితాలు, మిగతా వారసుల ఒప్పుదల పెట్టుకుని పేరు మార్పించుకోవాలి. అక్కచెల్లెళ్ల సంతకం అక్కర్లేదులే అని దాటేయకండి, వారసత్వంలో వాళ్ల వాటా వాళ్లకు ఉంది. అద్దె షాపైతే, ముఖ్యంగా వక్ఫ్ మడిగె అయితే, లీజు ఎవరి పేరు మీద ఉందో కూడా ముందు చూడండి. పగిడీ ఇచ్చి నోటి మాట మీద తీసుకున్న మడిగెలకు ఇక్కడే పని ఆగిపోతుంది.

ట్రేడ్ లైసెన్సు ఒక్కటి ఉంటే అన్నీ ఉన్నట్టు కాదు. పనివాళ్లు ఉన్న షాపుకు కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ వేరే. తినే వస్తువులు అమ్మితే ఫుడ్ సేఫ్టీ నంబరు, అంటే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కావాలి. రంజాన్ నెలకు మాత్రమే హలీం బట్టీ పెట్టే వాళ్లకు, ఇంట్లో కేకులు చేసి అమ్మే అక్కచెల్లెళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఆ నంబరు బిల్లు మీద కూడా ఉండాలి. దానికి డిసెంబరుతో సంబంధం లేదు. హలాల్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు కొందరు. అది వేరు, ఇది వేరు, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎక్కడా లేదు. జీఎస్టీలో ఏటా రెన్యువల్ ఉండదు కానీ, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు అమ్మకం లేని నెల కూడా రిటర్ను వేయాలి. లేకపోతే రోజుకు ఇంత అని లేటు ఫీజు పడుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికీ రెన్యువల్ లేదు. దాన్ని రెన్యువల్ చేయిస్తాం, ఫీజు కట్టమని ఫోను వస్తే పెట్టేయండి.

ఆంధ్ర మున్సిపాలిటీల్లో దీన్ని డీ అండ్ ఓ ట్రేడ్ లైసెన్సు అంటారు. కర్నూలులోనో గుంటూరులోనో షాపున్న బంధువులు ఇక్కడి తేదీలు పట్టుకోకుండా, తమ లైసెన్సు మీద రాసిన గడువు చూసుకోవాలి.

చివరిగా ఫోన్ నంబరు. గడువు గుర్తుచేసే మెసేజ్ లైసెన్సులో రాసిన నంబరుకే వస్తుంది. మామూ లైసెన్సు తీసి చూస్తే అందులో ఉన్నది నానా వాడిన పాత నంబరు. అది బందై ఏడేళ్లయింది.