ఫామ్‌లో మీ ఫోటోకి, పేరుకి మధ్య గీత గీసింది ఎవరు?

హనుమాన్ జంక్షన్ నుంచి మాట్లాడుతున్నా. ఎండాకాలంలో నూజివీడు రోడ్డు మీద మామిడి లారీలు మీరూ చూసే ఉంటారు. ఒకే లారీలో బంగినపల్లి, చిన్న రసాలు, కలెక్టర్ కాయలు. మధ్యలో వరిగడ్డి అడ్డం పెట్టారనుకోండి, దించేటప్పుడు గొడవ ఉండదు. కానీ సరుకులోనే గడ్డి ఉంటే? ఏది అడ్డం, ఏది సరుకు?

ఫోన్‌లో అప్లికేషన్ నింపి సబ్‌మిట్ నొక్కితే సరిగ్గా ఇదే సమస్య. పేరు, ఫోటో, సంతకం అన్నీ వరసగా బైట్లుగా వెళ్తాయి. పేరు ఎక్కడ ఆగిందో, ఫోటో ఎక్కడ మొదలైందో సర్వర్‌కి ఎలా తెలుస్తుంది?

వెబ్ మొదటి రోజుల్లో రెండు గడుల మధ్య '&' గుర్తు పెట్టేవారు. మనం రాసిన దాంట్లోనే ఆ గుర్తు ఉంటే, దాన్ని '%26' అని మార్చి పంపేవారు. చిన్న మాటలకి ఓకే. కానీ 'మామిడి' అని తెలుగులో రాస్తే యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఈ పద్ధతిలో అవి 54 అక్షరాలవుతాయి! ఇక ఫోటో సంగతి చెప్పక్కర్లేదు.

దారి ఈమెయిల్ నుంచి దొరికింది. 1985లో మార్షల్ రోజ్, ఐనార్ స్టెఫెరుడ్ ఒక పద్ధతి రాశారు: ఒక మెయిల్‌లో చాలా మెయిల్స్ పెట్టి, మధ్యలో డ్యాష్ గీత వేయడం. అయితే లోపలి లైను డ్యాష్‌తో మొదలైతే దాన్ని కొంచెం మార్చాల్సి వచ్చేది. అంటే సరుకుని ముట్టుకోవాలి.

1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ 'మైమ్' తెచ్చారు. వాళ్ల ఆలోచన ఏంటంటే, సరుకుని మార్చొద్దు, అడ్డాన్నే మారుద్దాం. లోపల ఎక్కడా లేని ఒక మాటని ఎంచుకుని, దాన్ని ముందే పైన ప్రకటించాలి. అదే బౌండరీ. 70 అక్షరాలు దాటకూడదు. ప్రతి భాగానికి ముందు రెండు డ్యాష్‌లు, తర్వాత ఆ మాట. చివర్లో ఇంకో రెండు డ్యాష్‌లు తగిలిస్తే 'అయిపోయింది' అని అర్థం.

1995 నవంబర్‌లో జిరాక్స్ కంపెనీకి చెందిన నెబెల్, లారీ మాసింటర్ దీన్నే వెబ్ ఫామ్‌లకి తెచ్చారు. ఆ పత్రం నంబర్ ఆర్ఎఫ్‌సీ 1867. బ్రౌజర్ నుంచి ఫైల్ అప్‌లోడ్ చేయడానికి పునాది అదే. ఇప్పుడు క్రోమ్ అయితే 'వెబ్‌కిట్‌ఫామ్‌బౌండరీ' అని రాసి, వెనక 16 అక్షరాలు ఎలా పడితే అలా కలుపుతుంది. మీ ఫోటోలో అదే వరస ఉండే అవకాశం దాదాపు లేనట్టే.

కోడింగ్ నేర్చుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క మాట. నేను మొదట్లో 'మల్టీపార్ట్ ఫామ్ డేటా' అనే హెడర్‌ని చేత్తో రాశా. బౌండరీ రాయలేదు. ఫోటో పూర్తిగా వెళ్లింది, సర్వర్ మాత్రం ఒక్క గడి కూడా గుర్తుపట్టలేదు. ఒక రాత్రంతా పోయింది. ఆ హెడర్ మీరు పెట్టకండి, బ్రౌజర్‌కి వదిలేయండి. అడ్డం ఏం పెట్టిందో దానికే తెలుసు.

ఈసారి ఫామ్‌లో ఫోటో పెట్టి సబ్‌మిట్ నొక్కినప్పుడు ఆ రెండు డ్యాష్‌లని ఒకసారి తలుచుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!