నది తెచ్చిన ఇసుక, సముద్రం వేసిన గట్టు



నిజాంపేటకూ సముద్రానికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చును. సంబంధం మట్టిది. ఇక్కడ వానకు కొట్టుకుపోయిన మట్టి మూసీ పాలవుతుంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పోయి హంసలదీవి ప్రాంతంలో సముద్రంలో పడుతుంది. యిట్లా మెరక సీమల నుంచి దిగిన మట్టితో, ఇసుకతోనే మన కోస్తా తీరం ఏర్పడింది. అది ఎట్లా పెరిగిందో తెలుసుకుంటే, యిప్పుడు కొన్ని చోట్ల ఎందుకు తరుగుతున్నదో కూడా తెలుస్తుంది.

కాకినాడ సంగతి చూడండి. ఊరికి ఎదురుగా, సముద్రంలో, సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక ఇసుక తిన్నె వున్నది. దానిని హోప్ ఐలాండు అంటారు. దాని వయస్సు రమారమి రెండువందల ఏండ్లు మాత్రమే. గౌతమి మొగ వద్ద నది ఇసుకను సముద్రానికి అప్పగిస్తుంది. నైరుతి గాలికి అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. అల ఎక్కేటప్పుడు ఇసుక రేణువును ఏటవాలుగా తోస్తుంది. దిగేటప్పుడు తిన్నగా కిందికి లాగుతుంది. అంటే ప్రతి అలకూ రేణువు ఒక అడుగు ఉత్తరానికి జరిగినట్టే గదా! కాకినాడ దగ్గర ఒడ్డు లోపలికి వంగింది. ఇసుక మాత్రం వంగకుండా ముందుకే సాగి మేట వేసింది. ఆ మేటే వేలు చాచినట్టు పెరిగి తిన్నె అయింది.

ఆ గట్టు చాటున నీరు నెమ్మదించింది. నెమ్మదించిన నీటిలో ఒండ్రు దిగింది. ఒండ్రు మీద మడ, తిల్ల చెట్లు మొలిచాయి. అక్కడి కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ వున్న శ్రీహరికోట కూడా సముద్రం వేసిన ఇసుక గట్టే.

మేట అందరికీ మేలు చేయదు. కోరంగి ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు. అక్కడ ఓడలు కట్టేవారు. ఆ రేవు పేరుమీదుగానే బర్మాలో మన తెలుగు కూలీలను కోరంగీలన్నారు. 1789లో ఒకసారి, 1839లో మరొకసారి తుఫాను ఉప్పెన ఆ ఊరిని ముంచింది. నది మొగ కూడా పూడిపోయింది. కోరంగి పడిపోయింది, తిన్నె చాటున వున్న కాకినాడ రేవు లేచింది. ఒకే మేట ఒక రేవును పూడ్చి, ఇంకొక రేవుకు అలల నుంచి కాపు కాచింది.

డెల్టాలో తీరానికి సమాంతరంగా వరుసలు వరుసలుగా ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. అవన్నీ పాత ఒడ్డులే. సుమారు ఆరువేల ఏండ్ల కిందట తీరం కొల్లేరు దరిదాపుల్లో వుండేది. సముద్రం జరిగిన కొద్దీ ఒక్కొక్క దిబ్బ మిగిలింది. మెరకగా వున్న దిబ్బల మీద ఊళ్లు, కొబ్బరి తోటలు వెలిశాయి. దిబ్బల నడుమ పల్లంలో వరి పండుతున్నది.

కనుక తీరం కూడా మన జమాఖర్చు పుస్తకం వంటిదే. నది తెచ్చేది జమ, అల తీసుకుపోయేది ఖర్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఆ నీటితో లక్షల ఎకరాలు పండుతున్నాయి. ఆ మేలును కాదనే రైతు లేడు. కాని జలాశయంలో నీటితోపాటు ఒండ్రు కూడా ఆగుతుంది. జమ తగ్గింది, ఖర్చు తగ్గలేదు. అందుచేత కృష్ణా, గోదావరి డెల్టాల తీరం చాలాచోట్ల వెనక్కి జరుగుతున్నది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో ఇండ్లూ రోడ్డూ కోతకు గురయ్యాయి. తిన్నె పొడవు పెరగడం, రేవు కట్టడాలు కూడా అక్కడి కోతకు కారణాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

మనం చేయగలిగినదేమిటి? మెరక రైతు వాలుకు అడ్డంగా గట్లు వేసి తన మట్టిని చేలోనే నిలుపుకోవాలి. ఆ మట్టి జలాశయంలో పడితే చేనుకూ నష్టమే, జలాశయానికీ నష్టమే. నదిలోని ఇసుకను మాత్రం అడ్డూ అదుపూ లేకుండా తవ్వుకోనీయరాదు. అది తీరానికి చెందవలసిన జమ. తీరపు రైతు మడ చెట్టును నరకరాదు, సరుగుడు తోపును, ఇసుక దిబ్బను చదును చేయరాదు. ఉప్పెన వచ్చిన నాడు ఊరికి ముందు నిలబడేది ఆ దిబ్బే.