దిబ్బ ఒక్కటే, ప్రశ్నలు మూడు

ఢిల్లీ మునిర్కాలో ఇరుకు సందుల్లో గది అద్దెకు తీసుకుని, రోడ్డు దాటి జేఎన్‌యూకి వెళ్లే తెలుగు విద్యార్థులున్నారు. ఆ చుట్టుపక్కల లోదీల కాలపు గుంబజ్‌లు కనిపిస్తాయి. చూడగానే మనకు తోచే మొదటి ప్రశ్న: ఎవరు, ఎప్పుడు కట్టారు? పురావస్తు శాస్త్రమూ దీనితోనే మొదలైంది. ఆ తర్వాత దాని నడక తెలియాలంటే మన బూడిద దిబ్బల కథ వినాలి.

కాలాన్ని రాతి, కంచు, ఇనుప యుగాలుగా విడదీయడం డెన్మార్క్‌కు చెందిన థామ్సన్‌తో స్థిరపడింది. 1836లో అచ్చయిన ఆయన మ్యూజియం పుస్తకం దానికి ఊతమిచ్చింది. మన దేశంలో మార్టిమర్ వీలర్ 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్వి, పొర వెంట పొర చదివి, దక్షిణాది చరిత్రపూర్వ కాలానికి ఒక వరుస ఏర్పరిచాడు. ఏది ముందు, ఏది వెనక అన్నదే అప్పటి ప్రధాన ప్రశ్న.

తెలంగాణ, రాయలసీమ, ఉత్తర కర్ణాటకల్లోని బూడిద దిబ్బలు అంతకు ముందే పండితులను తికమక పెట్టాయి. హంపి దగ్గరి దిబ్బను వాలి దహన స్థలమని జనం చెప్పుకునేవారు. ఇలాంటి దిబ్బలు పశువుల పేడ కాలిన బూడిదని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ గుర్తించాడు. 1957లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు దొడ్డి కంచె గుంజల గుంతలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అది నవీన శిలాయుగపు మందల దొడ్డి!

1962లో అమెరికాలో లూయిస్ బిన్‌ఫోర్డ్ కొత్త బాట వేశాడు. వస్తువుల జాబితా చాలదు, మనుషులు ఎలా బతికారో, ఎందుకు మారారో శాస్త్రీయంగా పరీక్షించాలన్నాడు. ఆ ‘నవ్య పురావస్తు శాస్త్రం’ మనకెంత పనికొస్తుందో పురావస్తు శాస్త్రవేత్త సంకాలియా 1977లో ఒక పుస్తకంలో చర్చించారు. కాట్రగడ్డ పద్దయ్య ఆ చూపుతోనే కర్ణాటకలోని బూదిహాళ్ దిబ్బను తవ్వారు. మంద కట్టిన చోటు పక్కనే ఇళ్లు, పశువులను కోసి మాంసం పంచుకున్న నేల, రాతి పనిముట్లు చేసిన చోటు తేలాయి. దొడ్డి అనుకున్న చోట ఊరు కనిపించింది.

1980ల నుంచి ఇయాన్ హాడర్ వంటివారు మూడో ప్రశ్న వేశారు: ఆ మనుషులకు ఇదంతా ఏ అర్థాన్నిచ్చింది? పేడను తరతరాలుగా ఒకే చోట పోగేసి కాల్చడం, ఆ దిబ్బ అంతెత్తున పెరగడం ఒక క్రతువని, దిబ్బే వారి స్మారకమని 2004లో పీటర్ జొహాన్సెన్ వాదించాడు.

కొత్త ప్రశ్న వచ్చిందని పాతది చావలేదు. ఉట్నూరు కాలనిర్ణయం లేకుండా బూదిహాళ్ లేదు, బూదిహాళ్ ఊరు తెలియకుండా క్రతువు గురించి మాట్లాడలేం. మునిర్కా గుంబజ్ ముందు కూడా ఎవరు, ఎప్పుడు అన్నాక ఆగకూడదు. దాని నీడన ఏ ఊరు బతికింది, ఆ ఊరికి అది ఏమైంది అనీ అడగాలి.