చట్టం పోయింది, గంప మిగిలింది

మా కాళేశ్వరం పేరు మెయిన్ పేపర్లోకి ఎక్కాలంటే పుష్కరాలన్నా రావాలి, మేడిగడ్డ పిల్లర్లన్నా కుంగాలి. మిగతా రోజుల్లో మా ఊళ్ళు ఉండేది జిల్లా పేజీలోనే. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా, ఆ తర్వాత భూపాలపల్లి. పేపరు ఒకటే అయినా మెయిన్ పేజీ మనుషుల గురించి మాట్లాడే తీరు వేరు, జిల్లా పేజీ తీరు వేరు. గేలు, ట్రాన్స్‌జెండర్ల విషయంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సుప్రీం కోర్టు తీర్పు వచ్చిన రోజు మెయిన్‌లో ‘హక్కులు’, ‘గౌరవం’ లాంటి మాటలుంటాయి. జిల్లా పేజీకొచ్చేసరికి ‘హల్‌చల్’, ‘వీరంగం’, ‘ఆగడాలు’. ఢిల్లీలో పౌరుడు, జిల్లాలో న్యూసెన్సు అన్నమాట. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చూస్తే వందేళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరొంచ. 1860లో ఆ ప్రాంతాన్ని నిజాం బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చేశాడు. అదే ఏడాది తయారైన ఇండియన్ పీనల్ కోడ్‌లోని 377వ సెక్షను అలా ఆ ఒడ్డుకొచ్చింది. ఇవతలి ఒడ్డున, నిజాం రాజ్యంలో, 1919లో ఇంకో చట్టం పుట్టింది. 1329 ఫసలీ నాటి నపుంసకుల చట్టం. 377 గురించి తెలిసినంతగా మనవాళ్ళకి దీని గురించి తెలియదు గానీ, మనకి దగ్గరి చుట్టం ఇదే.

ముందు అది నపుంసకుడంటే ఎవరో చెప్పింది. తనంతట తాను ఒప్పుకున్న మగవాడు, లేదా వైద్య పరీక్షలో అలా తేలినవాడు. ఆ తర్వాత ప్రభుత్వం ఒక రిజిస్టరు పెట్టాలంది. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, వాళ్ళ అంగం కోసేస్తారనో, ‘ప్రకృతి విరుద్ధమైన’ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు అందులో ఎక్కించాలి. అలా పేరెక్కినవాళ్ళు ఆడబట్టలతో వీధిలో కనిపించినా, నలుగురూ చూసేలా ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు.

గమనించారా? కట్టుకునే బట్ట ఒక సంగతి. ఎవరిని ఇష్టపడతామన్నది ఇంకో సంగతి. పిల్లల్ని ఎత్తుకుపోవటం పూర్తిగా వేరే సంగతి. ఈ మూడింటినీ తెచ్చి ఆ చట్టం ఒకే గంపలో వేసింది. నిజాం పోయాడు, హైదరాబాద్ స్టేట్ పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, అదీ విడిపోయింది. గంప మాత్రం ‘తెలంగాణ ప్రాంతం’ అన్న ట్యాగుతో చట్టాల పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ఎవరు రాశారో తెలియని పాత కోడుని ఎందుకొచ్చిన గొడవలే అని ఎవరూ ముట్టుకోరు చూడండి, అలాగ.

ఇక మీడియా సంగతి. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దవాళ్ళు ఇద్దరూ ఇష్టపడి ఏకాంతంలో చేసేది నేరం కాదని తీర్పిచ్చింది. అయినా 2011 ఫిబ్రవరి 22న టీవీ9 హైదరాబాదులో గే కల్చర్ పెరిగిపోయిందంటూ ఒక కథనం వేసింది. ఒక డేటింగ్ సైట్లోని ప్రొఫైళ్ళు, ఫొటోలు తీసి చూపించారు. ఫోన్లు చేసి ఆ మాటలు ప్రసారం చేశారు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళు మర్నాడు ఆఫీసుకి వెళ్ళాలి, ఇంటి ఓనరుకి మొహం చూపించాలి, ఊళ్ళో అమ్మకి ఫోన్ చెయ్యాలి. వాళ్ళు చేసిన నేరమేంటి? న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ మార్చిలో ఆ చానెల్‌కి లక్ష రూపాయల జరిమానా వేసి, మూడు రోజులు క్షమాపణ చెప్పమంది. పేపర్లకైతే ఆ లక్ష భయం కూడా లేదు. 1978 చట్టం ప్రకారం ప్రెస్ కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అంతే. జరిమానా వేసే అధికారం లేదు.

మాటలే కదా అంటారా? 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణంతా వాట్సాప్‌లో పుకార్లు. ఆ నెలాఖర్లో చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపేసింది. పుకారు పుట్టింది ఫోన్లలో, పేపర్లలో కాదు. కానీ జనం అంత తేలిగ్గా ఎందుకు నమ్మారు? 1919 నాటి రిజిస్టరులో రాసుకున్న అనుమానమూ సరిగ్గా అదే. వందేళ్ళుగా ఆ అనుమానాన్ని చెరిపే పని ఎవరూ చెయ్యలేదు. జిల్లా పేజీలు అసలే చెయ్యలేదు.

అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు 377 నుంచి ఇష్టపూర్వక సంబంధాల్ని తప్పించింది. అదే ఏడాది వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు ఫసలీ చట్టం మీద హైకోర్టుకి వెళ్ళారు. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. సరే, చట్టం పోయింది. భాష?

‘స్వలింగ సంపర్కులు’ అన్న మాటే తీసుకోండి. మొగుడూ పెళ్ళాల గురించి రాసేటప్పుడు ‘భిన్నలింగ సంపర్కులు’ అని ఏ పేపరన్నా రాస్తుందా? దంపతులు అంటుంది. పెళ్ళి కాకపోతే ప్రేమికులు అంటుంది. గేల దగ్గరికొచ్చేసరికి మనిషిని పడకగదిలోంచి మొదలుపెడుతుంది. 2021 డిసెంబరులో హైదరాబాదు జంట సుప్రియో, అభయ్ బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. అభయ్ మనలాగే సాఫ్ట్‌వేర్. పెళ్ళి హక్కు కోసం సుప్రీం కోర్టుకెళ్ళి 2023 అక్టోబరు 17న ఓడిపోయింది కూడా ఈ జంటే. పసుపు, మెహందీ, తల్లిదండ్రుల దీవెనలు, అన్నీ ఉన్న వేడుక అది. దానికి ‘సంపర్కం’ అన్న మాట అతుకుతుందా?

తెలుగులో వేరే మాట లేదనే వాదన నేనొప్పుకోను. 2015 చివర్లో ప్రధాని ఒక్క మాట అన్నాక మన పేపర్లలో వికలాంగులు దివ్యాంగులైపోయారు. 2014 నాల్సా తీర్పు తర్వాత ట్రాన్స్‌జెండర్ అన్న మాట మెల్లగా స్థిరపడింది. తమిళనాడు ప్రభుత్వం మద్రాసు హైకోర్టు చొరవతో 2022లో ఏకంగా ఒక పదకోశాన్నే గెజిట్‌లో వేసింది. చెయ్యాలనుకుంటే అయ్యే పనే. ‘స్వలింగ ప్రేమికులు’ అనొచ్చు. లేదా ఉత్త ‘గే’. తెలుగులో అది ఒక్క అక్షరం, హెడ్డింగులో చోటు చాలదనే సాకు కూడా చెల్లదు.

పోలీసులు చెప్పింది చెప్పినట్టు పంపే మండలం విలేఖరిని తిట్టి లాభం లేదు. హెడ్డింగు పెట్టేది డెస్కు. ఎవరన్నా తప్పు చేస్తే ఆ మనిషి చేసిన తప్పు రాయండి. మగాడు తాగి గొడవ చేస్తే ‘మగాళ్ళ ఆగడాలు’ అని హెడ్డింగు పెట్టరు కదా!

భూపాలపల్లిలోనో, మహబూబాబాద్‌లోనో, జనగామలోనో ఇంటర్ చదివే ఒక గే కుర్రాడు ఉంటాడు. వాడికి మెయిన్ పేపర్లో తీర్పు అర్థమైనా కాకపోయినా, జిల్లా పేజీలో వెక్కిరింపు మాత్రం అర్థమవుతుంది. అదే పేజీ వాళ్ళ నాన్న కూడా చదువుతాడు. ఇంట్లో వాడు నోరు విప్పగలడా లేదా అన్నది చాలావరకు ఆ పేజీ మీదే ఆధారపడి ఉంటుంది.