పన్ను మాఫీ ఎవరికి దక్కాలి? – చరిత్ర చెప్పే పాఠం

పంట పోయిన ఏడు, బజారు పడిపోయిన ఏడు, చేతికి పని దొరకని ఏడు ప్రతి తరానికీ వస్తూనే ఉన్నవి. అట్టి కాలంలో సర్కారు తనకు రావలసిన పన్నులో కొంత వదులుకొనడాన్ని మన పెద్దలు 'మాఫీ' అన్నారు. ఈ మాట అరబీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మన తెలంగాణ తెలుగులో కలిసిపోయింది. శిస్తు మాఫీ, అప్పు మాఫీ, ఫీజు మాఫీ – ఏ మాఫీ మాట విన్నా ఊరంతా సంతోషిస్తుంది. అయితే ఒక ప్రశ్న మాత్రం ప్రతిసారీ వెనకబడిపోతుంది. ఆ మాఫీ ఎవరి పేరున రాస్తారు? నష్టపోయిన మనిషి పేరునా, లేక దఫ్తరులో ఉన్న పేరునా? ఈ రెండు పేర్లూ ఒకటే అయితే బాధ లేదు. కాకపోతేనే తగాదా. ఈ తగాదా నిన్న మొన్నటిది కాదని, వందల ఏండ్ల నాటిదని పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వ కాలపు ముచ్చట

మన ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో సముద్రతీరంలోని మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించినాడు. అంతకు ముందు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకునంతా రాజులు లాగేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ముప్పయ్యింట ఒక వంతు సుంకం మాత్రమే తీసుకొని మిగిలినది వర్తకునికే వదిలివేస్తానని మాట ఇచ్చినాడు. ఇందులో గమనించవలసినది ఏమంటే, ఆపద ఎవరికి వచ్చిందో ఊరట కూడా నేరుగా ఆ మనిషికే దక్కింది. నడుమ మరొకరు లేరు.

ఇస్లామీ చరిత్రలోనూ ఇట్టి ఉదాహరణ గలదు. హిజ్రీ 18వ సంవత్సరంలో అరబు దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. 'ఆముర్రమాదా', అనగా బూడిద సంవత్సరం అని దానికి పేరు. ఆ ఏడు హజ్రత్ ఉమర్ పశువుల మీది జకాత్ వసూలును ఆపించి, వానలు పడిన తరువాతి ఏటికి వాయిదా వేసినట్లు చరిత్రకారులు రాసినారు. వాయిదా వేరు, మాఫీ వేరు. మంద మిగిలిన వానికి వాయిదా సరిపోతుంది. మందే చచ్చిపోయిన వానికి వాయిదాతో ఏం లాభం? ఈ తేడాను మనం గుర్తు పెట్టుకోవాలి.

ఇక మొగలుల కాలం. 1580లో అక్బర్ పాదుషా, తోడర్‌మల్ మొదలైనవారు పదేండ్ల సగటును బట్టి శిస్తు కట్టే దహ్‌సాలా పద్ధతిని తెచ్చినారు. భూమిని కొలిచేటప్పుడు పంట చెడిన భాగాన్ని 'నాబూద్' అని వేరుగా రాసి శిస్తు లెక్కలోంచి తీసివేసేవారు. కాగితం మీద ఇది మంచి పద్ధతే. కాని ఆచరణలో ఏం జరిగిందో 1665లో ఔరంగజేబు కాలంలో రసిక్‌దాస్ అనే అధికారికి వెళ్ళిన ఫర్మానా చదివితే తెలుస్తుంది. ఆపద వల్ల ఇచ్చే తగ్గింపును ఊరి మొత్తానికి ముద్దగా ఇచ్చి, దాని పంపకాన్ని చౌదరీలకు, ముఖద్దములకు, పట్వారీలకు వదిలివేయవద్దని, ఏ రైతుకు ఎంత నష్టమో విడివిడిగా చూసి ఇవ్వాలని అందులో ఆదేశం ఉంది. లేకపోతే చిన్న రైతుకు రావలసినది పెద్దలే మింగుతారని ఢిల్లీ దర్బారుకు మూడు వందల అరవై ఏండ్ల కిందటనే తెలుసునన్న మాట! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు.

నిజాం రాజ్యంలో పట్టా – పహాణీ

1853లో దీవాను అయిన మొదటి సాలార్‌జంగ్, శిస్తు వసూలును గుత్తకిచ్చే పాత పద్ధతిని ఎత్తివేసి, జిల్లాలు, తాలూకాలు, తహసీళ్ళు ఏర్పాటు చేసి, భూముల సర్వే మొదలు పెట్టించినాడు. బొంబాయి ఇలాకా పద్ధతిని అనుసరించి, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఏర్పాటు దీవానీ ప్రాంతంలో వచ్చింది. 1317 ఫస్లీ, అనగా 1907 నాటి మాల్‌గుజారీ చట్టం దీనికి గట్టి రూపం ఇచ్చింది. శిస్తు కట్టే బాధ్యత పట్టాదారుది. రసీదు పట్టాదారు పేరున. కాబట్టి మాఫీ వచ్చినా పట్టాదారు పేరుననే వస్తుంది. చెరువు నిండని ఏడు తరి భూమికి శిస్తు తగ్గింపు రాయాలన్నా పట్వారీ పహాణీలో ఏం రాసినాడన్నదే ముఖ్యం.

ఇది కూడా దీవానీ ఊళ్ళ సంగతి. రాజ్యంలో సుమారు మూడో వంతు భూమి జాగీర్దారుల చేతిలో ఉండేది. ఆ ఊళ్ళలో రైతు సర్కారు ముఖం కంటె ముందు జాగీర్దారు ముఖం చూడవలసి వచ్చేది.

మరి దీవానీలో దున్నేవాడే పట్టాదారా? మన జనగామ ప్రాంతం సంగతి అందరికీ తెలిసినదే. అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు చేతిలో నలభై వేల ఎకరాలు, అరవై ఊళ్ళు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాసినారు. అంత భూమిని ఒక కుటుంబం దున్నలేదు గదా. దున్నినది కౌలుదార్లు, పాలేర్లు, వెట్టి చేసేవారు. కౌలుదారును ఆనాటి దఫ్తరు భాషలో 'అసామీ శిక్మీ' అనేవారు. ఆ మాట దఫ్తరులో ఉన్నా, మనిషి పేరు మాత్రం చాలా చోట్ల ఎక్కేది కాదు.

1930 నాటి మాంద్యం

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం ఏడాది తిరిగేసరికి మన అంగళ్ళకు చేరింది. ధాన్యం, పత్తి, నూనెగింజల ధరలు పడిపోయినవి. శిస్తు మాత్రం రూపాయల్లో కట్టినది కాబట్టి కదలలేదు. దీని అర్థం ఒక లెక్కతో చూద్దాం. ఒక కమతానికి శిస్తు పది రూపాయలు అనుకోండి. బస్తా అయిదు రూపాయలు పలికితే రెండు బస్తాలు అమ్మి శిస్తు కట్టవచ్చు. అదే బస్తా రెండున్నరకు పడిపోతే నాలుగు బస్తాలు అమ్మాలి. అంటే సర్కారు శిస్తు పెంచకుండానే రైతుకు అది రెండింతలైంది.

ఇప్పుడు సర్కారు దయతలచి రూపాయికి నాలుగు అణాలు మాఫీ చేసిందనుకోండి. పట్టాదారుకు రెండున్నర రూపాయలు మిగిలినవి. ఆ భూమినే ముప్పై రూపాయలకు కౌలుకు తీసుకొని దున్నేవాడికి? కౌలు ముప్పైకి ముప్పై. ధర పడిపోయిన నష్టం మొత్తం వానిది, మాఫీ మొత్తం పట్టాదారుది. చట్టంలో తప్పు లేదు, రసీదులో తప్పు లేదు, అయినా న్యాయం జరగలేదు.

ఆ సంవత్సరాల్లోనే ఎస్. కేశవ అయ్యంగార్ 1929–30లో హైదరాబాద్ రాజ్యపు గ్రామాల ఆర్థిక స్థితిని పరిశీలించినారు. 1937లో భరూచా రైతుల అప్పుల మీద నివేదిక ఇచ్చినారు. ఆ తరువాత అప్పుల రాజీకి, సాహుకార్ల మీద అదుపుకు చట్టాలు వచ్చినవి. అప్పటికే ఎందరివో భూములు సాహుకార్ల, దేశముఖుల పేర్లకు మారిపోయినవి. మాఫీ ఆలస్యమైనా, తప్పు మనిషికి చేరినా జరిగేది ఇదే. శిస్తు కోసం అప్పు చేస్తాడు, అప్పు కోసం భూమి పోగొట్టుకుంటాడు, తరువాతి మాఫీ వచ్చేనాటికి ఆ భూమికి వాడు పట్టాదారు కాకుండా పోతాడు.

దఫ్తరులో పేరు కోసం ప్రాణాలు పోయిన చరిత్ర మనది. కామారెడ్డిగూడెం పేద రైతు షేక్ బందగీ తన చిన్న కమతం కోసం విసునూరు దేశముఖు బలానికి ఎదురు నిలిచి, కోర్టులో గెలిచి, ఆ గెలుపు కోసమే హత్యకు గురైనాడు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య, పాలకుర్తిలో తన పంటను కాపాడుకొన్న చాకలి ఐలమ్మ – వీరందరి పోరాటం కూడా దున్నిన చేతికి హక్కు కావాలన్నదే.

కౌలుదారుకు కాగితం

1354 ఫస్లీలో, అనగా 1945 ప్రాంతంలో, అసామీ శిక్మీల చట్టం వచ్చింది. పోలీసు చర్య తరువాత 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కు ఇచ్చింది. ఎందరికో మేలు జరిగింది. అయితే దీని నీడ కూడా ఒకటి ఉంది. కాగితం రాసి ఇస్తే భూమి పోతుందేమోనని యజమానులు భయపడి కౌలును నోటి మాటతోనే ముగించసాగినారు. వారి భయాన్ని పూర్తిగా తప్పు పట్టలేము. పదెకరాలు కౌలుకిచ్చి పిల్లల చదువుకు పట్నం పోయిన చిన్న యజమానికి కూడా ఆ భయం ఉంటుంది. అందుకే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అధీకృత సాగుదారుల చట్టం తెచ్చింది. యజమాని హక్కుకు భంగం లేకుండా, ఏడాది కోసం కౌలుదారుకు ఒక కార్డు ఇచ్చి, బ్యాంకు రుణానికి, పంట నష్ట పరిహారానికి అర్హత కల్పించడం దాని ఉద్దేశం.

నేటి మాఫీలు

ఈనాడు భూమిశిస్తు ఎవరినీ బాధించే స్థితిలో లేదు. సర్కారు రైతు నుండి తీసుకొనే కాలం పోయి రైతుకు ఇచ్చే కాలం వచ్చింది. కాని పాత ప్రశ్న అట్లనే ఉంది. 2018 మేలో మొదలైన రైతుబంధు కింద ఎకరానికి పంటకు నాలుగు వేల రూపాయలు, తరువాత అయిదు వేలు ఇచ్చినారు. అది పట్టాదారుకే. ఎకరాలకు పరిమితి లేదు. కౌలుదారుకు చోటు లేదు. యాభై ఎకరాల ఆసామి, రెండెకరాల రైతు ఒకే వరుసలో నిలబడినారు. మూడెకరాలు కౌలుకు దున్నేవాడు వరుసలోనే లేడు.

పట్నాల్లోనూ ఇదే తంతు. కరోనా ఏడాది, 2020 నవంబరులో, దీపావళి కానుకగా తెలంగాణ ప్రభుత్వం ఇంటి పన్నులో సగం తగ్గించింది. హైదరాబాదులో పదిహేను వేల వరకు, ఇతర మునిసిపాలిటీల్లో పది వేల వరకు పన్ను ఉన్న ఇండ్లకు అది వర్తించింది. పెద్ద బంగళాలను పక్కకు పెట్టి పరిమితి విధించడం మెచ్చుకోదగిన పని. మరి కిరాయిదారు? లాక్‌డౌన్లో పని పోయి కిరాయి కట్టలేక సతమతమైనది ఎక్కువగా అతడే. ఇంటి పన్ను రసీదు మీద అతని పేరు ఉండదు. పన్ను సగమైతే కిరాయి తగ్గాలనే నిబంధన కూడా లేదు. 1930 నాటి కౌలుదారే 2020లో కిరాయిదారుగా మనకు కనబడుతున్నాడు. ఇక బచ్చన్నపేట వంటి గ్రామపంచాయతీలకు ఈ రాయితీ వర్తించనే లేదు.

అదే 2020 వసంతంలో మా వంటి ప్రభుత్వ ఉద్యోగులకు మూడు నెలలు సగం జీతం ఆపి, తరువాత విడతలుగా చెల్లించినారు. మాకు జరిగినది వాయిదా. ఆటో నడిపేవానికి, తాపీ పని చేసేవానికి, బండి మీద పండ్లు అమ్మేవానికి పోయిన మూడు నెలల కూలి ఏ విడతలోనూ తిరిగి రాలేదు. ఉమర్ కాలపు తేడా ఇక్కడ కూడా పనికి వస్తుంది.

'పన్ను కట్టేవారికే పన్ను తగ్గింపు, కట్టనివారికి దేనికి?' అని కొందరు అడుగుతారు. ఆదాయపు పన్ను మాత్రమే పన్ను అనుకొనడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. సబ్బు బిళ్ళ కొన్నా, చెప్పుల జత కొన్నా పేదవాడు జీఎస్టీ కడుతూనే ఉన్నాడు. అమెరికా కూడా ఈ పాఠం మెల్లగా నేర్చుకున్నది. 2001లో వారు ఆదాయపు పన్ను కట్టినవారికే డబ్బు తిరిగి ఇచ్చినారు. 2008 మాంద్యంలో పన్ను కట్టకపోయినా, ఏడాదికి కనీసం మూడు వేల డాలర్ల ఆదాయం చూపినవారికి మూడు వందల డాలర్లు ఇచ్చినారు. 2020లో ఆ కనీస ఆదాయపు షరతు కూడా తీసివేసి పన్నెండు వందలు ఇచ్చి, ఏడాదికి డెబ్భై అయిదు వేల డాలర్లు దాటిన వ్యక్తులకు తగ్గిస్తూ పోయినారు. ఇరవై ఏండ్లలో అడుగంటిన మనిషి పేరు జాబితాలోకి వచ్చింది.

చేయవలసినది

పై విషయాలను బట్టి మాఫీకి అర్హత నిర్ణయించడంలో మూడు ప్రశ్నలు వేసుకోవాలని నాకు తోస్తున్నది. ఒకటి: నష్టం ఎవరి మీద పడింది? రెండు: వాయిదాతో తేరుకొనేవారు ఎవరు, మాఫీ లేకపోతే మునిగిపోయేవారు ఎవరు? మూడు: ఇచ్చినది నడుమ ఆగకుండా ఆ మనిషికి చేరిందా? యజమానికి తగ్గింపు ఇస్తే, అందులో వంతు కౌలుదారుకు, కిరాయిదారుకు దించాలనే షరతు ఉండాలి. లేదా నేరుగా వారికే ఇవ్వాలి.

'వారిని గుర్తించడం కష్టం' అంటారు. కష్టమే కాని అసాధ్యం కాదు. 2025 జనవరి 26న మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసాలో భూమి లేని కూలి కుటుంబాలను ఉపాధి హామీ పనిదినాల లెక్కను బట్టి గుర్తించినారు. పట్టా లేకపోయినా మస్టరు ఉంది గదా. పీఎం కిసాన్‌లో ఆదాయపు పన్ను కట్టేవారిని, ప్రభుత్వ ఉద్యోగులను పక్కకు పెట్టినారు. చేర్చడానికీ, తీసివేయడానికీ రెండింటికీ దారులున్నవి.

సోదర సోదరీమణులారా! సర్కారు చేయవలసినది సర్కారు చేస్తుంది, చేయకపోతే అడగడం మన హక్కు. మన చేతిలో ఉన్నది కూడా కొంత గలదు. కౌలుకు దున్నేవారు కౌలు చిట్టీ రాయించుకోండి. భూమి ఇచ్చేవారు భయపడక ఏడాది కాగితం రాసివ్వండి. కిరాయికి ఉన్నవారు రసీదు అడగండి. కూలికి పోయేవారు జాబ్‌కార్డులో పనిదినాలు సరిగా ఎక్కినవో లేదో చూసుకోండి. చదువుకున్న మన పిల్లలు వారానికి ఒక గంట కేటాయించి ఈ కాగితాలు నింపి పెడితే, అది ఊరికి చేసే గొప్ప సేవ. ఇక మన సంఘం తరఫున వజీఫాలకు, సహాయాలకు పేర్లు రాసేటప్పుడు కూడా దరఖాస్తు బాగా రాసిన ఇంటినే గాక, దరఖాస్తు రాయడం రాని ఇంటిని కూడా ఒకసారి వెళ్ళి చూసి వద్దాం. దఫ్తరులో పేరు లేనివాడు ఊరిలో లేనివాడు కాదు.