దొరల దుంప, బీదల దుంప



క్రిందటి శీతకాలం అమెరికాలో మా అబ్బాయి ఇంట గడిపాను. ఒక శనివారం సాయంత్రం 14 ఏళ్ళ మా మనుమరాలు "తాతయ్యా, ఇవాళ వంట నాది" అని ప్రకటించి ట్రఫుల్ పాస్తా చేసి పెట్టింది. వెన్న, చీజు, మిరియాల పొడి, పైన ఒక చిన్న సీసాలోంచి నాలుగు చుక్కల నూనె. ఆ నూనె వాసన ఇల్లంతా వ్యాపించింది. చేతిఖర్చు డబ్బులు కూడబెట్టి ఆ సీసా కొన్నదట. తిన్నాను, మెచ్చుకున్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ జీవితమంతా పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన చేయి ఊరుకోదు కదా! సీసా అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, దానిమీది చిన్న అక్షరాలు చదివాను. ఆలివ్ నూనె, ట్రఫుల్ పరిమళం. అంతే. ట్రఫుల్ అనే వస్తువు ఆ జాబితాలో లేదు. ఆ మాట పైకి అనేశాను. పిల్ల ముఖం చిన్నబోయింది.

"అయితే నేను మీకు పెట్టింది ఏమిటి?" అని అడిగింది.

ఆ రాత్రి సమాధానం చెప్పలేకపోయాను. తరువాత ఆ ప్రశ్న పట్టుకుని కొన్నాళ్ళు చదివాను. చదివినది మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి. సంస్కృతంలో ఛత్రాకం, శిలీంధ్రం అన్నాం. తెలుగులో పుట్టగొడుగు అన్నాం. ఈ వస్తువుకు గొడుగూ లేదు, పుట్టా లేదు. ఓక్, హేజెల్ వంటి చెట్ల వేళ్ళతో పొత్తు కుదుర్చుకుని నేలలోపలే గడ్డలా పెరిగే శిలీంధ్రం ఇది. గాలికి విత్తు చల్లే వీలు లేదు కనుక వాసననే దూతగా పంపుతుంది. ఆ వాసనకు అడవిపంది వచ్చి తవ్వి తిని, దాని విత్తును మరొకచోట వదులుతుంది. లాటిన్ భాషలో దీన్ని 'ట్యూబర్' అన్నారు, అనగా వాపు, గడ్డ. ఇటాలియన్‌లో 'టార్టుఫో' అయింది. దక్షిణ అమెరికా నుంచి ఆలుగడ్డ ఐరోపాకు దిగినప్పుడు, అదీ నేలలోంచి వచ్చిన గడ్డే కదా అని ఇటలీలో దానిని 'టార్టుఫోలో' అని పిలిచారు. జర్మనులు ఆలుగడ్డను నేటికీ 'కార్టోఫెల్' అంటారు, అది ఆ మాటకే రూపాంతరం. లోకంలో అత్యంత ఖరీదైన గడ్డకూ, అత్యంత చవకైన గడ్డకూ ఒకటే ఇంటిపేరు అన్నమాట.

ప్రాచీనులకు దీని పుట్టుక పెద్ద చిక్కుముడి. విత్తు కనబడదు, వేరు కనబడదు. ప్లూటార్క్ తన విందు సంభాషణల గ్రంథంలో ఎలిస్ నగరంలో జరిగిన ఒక విందును వర్ణించాడు. పెద్ద పెద్ద ట్రఫుళ్ళు వడ్డించగానే, ఇవి ఉరుములకు పుడతాయన్న మాట నిజమేనా అని అతిథుల మధ్య చర్చ మొదలైంది. ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మా ఊరి పెద్దలూ అనేవారు. ఎలిస్ ఎక్కడ, మా ఊరు ఎక్కడ!

ప్లినీ చెప్పిన కథ ఇంకా రసవత్తరం. లార్టియస్ లిసినియస్ అనే రోమన్ అధికారి స్పెయిన్‌లోని కార్తగో నోవాలో న్యాయవిచారణ చేస్తున్న రోజులలో ఒక ట్రఫుల్‌ను కొరికాడు. లోపల ఒక దీనారి నాణెం ఉండి ఆయన ముందుపళ్ళు వంగిపోయాయి. ఇవి మట్టే గడ్డకట్టి ఏర్పడినవి అనడానికి ప్లినీ దీన్ని సాక్ష్యంగా చూపాడు. మట్టి నాణేన్ని చుట్టుకుని గట్టిపడిందని ఆయన తర్కం. తర్కం తప్పినా కథ నిలిచింది. రోమన్లు ఎక్కువగా తిన్నవి ఆఫ్రికా ఇసుకనేలలలో దొరికే ఎడారి జాతివని, నేటి ఖరీదైన జాతులు కావని పండితుల అభిప్రాయం.

పాస్తా కథ వేరే దారిన వచ్చింది. మార్కో పోలో చైనానుంచి తెచ్చాడని మన పిల్లలకు కూడా చెబుతుంటారు. అది కట్టుకథ. ఆయన వెనిస్‌కు తిరిగివచ్చింది 1295లో. సిసిలీ రాజు రెండవ రోజర్ ఆస్థానంలో భూగోళశాస్త్రం వ్రాసిన అల్ ఇద్రీసీ, పాలెర్మో దగ్గరి త్రాబియా అనే ఊళ్ళో 'ఇత్రియ్యా' అనే ఎండు పాస్తా విస్తారంగా తయారై ఓడలలో ఎగుమతి అవుతున్నదని 1154లోనే నమోదు చేశాడు. 1279లో జెనోవాలో ఒక లేఖరి వ్రాసిన ఆస్తుల పట్టికలో మాకరోనీ నిండిన ఒక పెట్టె కూడా ఉంది. అంటే వారసులకు వ్రాసి ఇవ్వదగిన సొత్తు. మన సేమియా పొట్లాన్ని ఎవరైనా వీలునామాలో వ్రాస్తారా?

ఈ రెండు దారులూ కలిసిన చోట్లు రెండు చెప్పుకోవాలి. ఒకటి దొరల దారి, ఒకటి బీదల దారి. అయితే ఆ రెండూ మనం అనుకున్నంత విడివిడిగా లేవు.

మొదటిది ఇటలీ వాయవ్యాన పియెమోంటె. అక్కడి లాంగే కొండలలో దొరికే తెల్ల ట్రఫుల్‌కు 1788లో విట్టోరియో పికో అనే వైద్యుడు 'ట్యూబర్ మాగ్నాటుమ్' అని నామకరణం చేశాడు. అనగా దొరల గడ్డ. సవాయ్ రాజవంశం వారు పరదేశపు రాజులకు దీన్ని కానుకగా పంపేవారు. అక్కడి పాస్తా పేరు తాయరీన్, సన్నని దారాల వంటిది. నీళ్ళు లేవు, కిలో పిండికి 30, ఒక్కొక్కచోట 40 గుడ్ల పచ్చసొనలు. కరిగిన వెన్నలో కలిపి, పైన పచ్చి ట్రఫుల్‌ను రేకులుగా గీస్తారు. దాన్ని పొయ్యిమీద పెట్టరాదు, పెడితే వాసన ఎగిరిపోతుంది. మనిషికి 8, 10 గ్రాములు చాలు.

ఈ వంటకాన్ని చూసి లాంగే సిరిగల సీమ అనుకుంటే పొరబాటే. ఇరవయ్యవ శతాబ్దం సగం దాటేవరకు అది కటిక దరిద్రపు నేల. మొక్కజొన్న సంకటి, చెస్ట్‌నట్ కాయలు అక్కడి రైతు భోజనం. గుడ్డు సంతలో అమ్మి ఉప్పు కొనుక్కునే వస్తువు. బెప్పె ఫెనోల్యో 1954లో వెలువరించిన 'లా మలోరా' నవల ఆ కొండల ఆకలి కథే. నూతో రెవెల్లి ఆ జిల్లా రైతుల నోటి మాటలను సేకరించి 1977లో అచ్చువేసిన గ్రంథానికి 'పరాజితుల ప్రపంచం' అని పేరు పెట్టాడు. రాత్రిపూట కుక్కను వెంటబెట్టుకుని ట్రఫుల్ తవ్వినవాడు దాన్ని తన పళ్ళెంలో గీసుకోలేదు, పట్నంలో అమ్ముకున్నాడు. ఆల్బా పట్టణంలో హోటలు నడిపిన జాకొమో మొర్రా ఈ గడ్డకు ప్రపంచ ఖ్యాతి తెచ్చాడు. ప్రతి ఏటా శ్రేష్ఠమైనదాన్ని ఏదో ఒక ప్రముఖునికి పంపేవాడు. 1949లో నటి రీటా హేవర్త్‌కు, 1951లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కు పంపాడు. పత్రికలు వ్రాశాయి, ధర పెరిగింది. 2007లో పీసా దగ్గర దొరికిన కిలోన్నర గడ్డను మకావు జూదశాలల అధిపతి స్టాన్లీ హో 3,30,000 డాలర్లకు వేలంలో పాడుకున్నాడు.

అంతకు మూడేళ్ళ ముందు, 2004లో, లండన్‌లో ఒక రెస్టారెంటువారి దగ్గర సుమారు 850 గ్రాముల గడ్డను 28,000 పౌండ్లకు కొన్నారు. వంటపెద్ద దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకుని ఊరికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కుళ్ళిపోయింది. చివరకు ఇటలీకి తీసుకువెళ్ళి పాతిపెట్టారు. దొరల గడ్డ కనుక దొరల మాదిరే అంత్యక్రియలు జరిగాయి.

రెండవది ఉంబ్రియా. నోర్చా, స్పొలేతో ప్రాంతంలో నల్ల ట్రఫుల్ దొరుకుతుంది. దీనికి 1831లో విట్టాడీని 'మెలనోస్పోరుమ్', నల్లవిత్తుది, అని పేరు పెట్టాడు. అక్కడి స్ట్రంగోజ్జి పాస్తాలో గుడ్డు లేదు, పిండీ నీళ్ళే. గుడ్డు అమ్ముకోవలసిన ఇళ్ళ వంట మరి! ఆలివ్ నూనెలో వెల్లుల్లి రెబ్బను గోరువెచ్చగా వేడిచేసి, కొందరు చిన్న ఉప్పుచేప ముక్క కరిగించి, తురిమిన నల్ల ట్రఫుల్‌ను అందులో కలుపుతారు. తెల్లదానివలె కాక నల్లది ఈపాటి వేడికి ఓర్చుకుంటుంది, నూనెకు వాసన ఇస్తుంది. ధర తెల్లదానిలో కొద్ది వంతు. గుడ్డు ముట్టని నావంటివాడికి తాయరీన్ ఎలాగూ నిషిద్ధం కనుక, నా ఓటు ఉంబ్రియాకే. విట్టాడీని అదే ఏడు పేరు పెట్టిన వేసవి ట్రఫుల్ ఇంకా చవక. బెరడు వంటి పైతోలు ఉన్నందున ఇటలీవారు దాన్ని స్కొర్జోనె అంటారు. వాసన తక్కువ, కానీ మోసం లేదు.

ఫ్రాన్సులో ఇది కొంతకాలం నిజంగా అందరి వస్తువు కాబోయింది. 1810 ప్రాంతంలో జోసెఫ్ తాలోన్ అనే రైతు, ట్రఫుల్ దొరికే చెట్ల క్రింద ఏరిన ఓక్ గింజలు నాటితే కొన్నేళ్ళకు ఆ కొత్త చెట్ల క్రిందా ట్రఫుల్ పుడుతుందని కనిపెట్టాడు. 1847లో ఒగ్యూస్త్ రూసో కార్పెంత్రాస్ దగ్గర పెద్ద తోటే వేసి, 1855 పారిస్ ప్రదర్శనకు తన పంట తీసుకువెళ్ళాడు. తరువాత ఫైలోక్సెరా పురుగు ద్రాక్షతోటలను నాశనం చేయగా, ఆ నేలలలో రైతులు ఓక్ నాటారు. పందొమ్మిదవ శతాబ్దం చివర దిగుబడి ఏటా 1,000 టన్నులకు చేరిందని అంచనాలు. పిమ్మట మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఏ చెట్టు క్రింద ఎప్పుడు తవ్వాలో తెలిసిన పల్లెటూరి మగవారు కందకాలలో పోయారు, తోటలు అడవులై చీకటిపడ్డాయి. నేడు అక్కడి పంట పదుల టన్నులలో ఉంది. ఒక తరం పోతే ఒక విద్య ఎలా పోతుందో ఇంతకంటె స్పష్టంగా నాకెక్కడా కనబడలేదు.

ఇక్కడ మన దేశం ఈ కథలోకి వస్తుంది. 1892లో కుక్, మాసీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు హిమాలయాలలోని ముస్సోరీ ప్రాంతం నుంచి వెళ్ళిన ఒక నల్ల ట్రఫుల్‌ను పరీక్షించి 'ట్యూబర్ ఇండికుమ్' అని పేరు పెట్టారు. పేరు మనది, వ్యాపారం మనది కాదు. చైనాలో యున్నాన్, సిచువాన్ కొండలలో ఇది పుష్కలం. అక్కడి పల్లెవారు దీన్ని పందులకు వేసేవారు. 1990ల నుంచి ఇది ఐరోపాకు ఎగుమతి అవుతున్నది. చూపునకు మెలనోస్పోరుమ్ వలెనే ఉంటుంది, పరిమళం మాత్రం స్వల్పం. నల్ల ట్రఫుళ్ళ బుట్టలో దీన్ని కలిపి అమ్మే మోసగాళ్ళు బయలుదేరారు. సూక్ష్మదర్శినిలో విత్తు చూసి గాని, డి.ఎన్.ఏ. పరీక్షించి గాని తేల్చుకోవాలి. తెల్లదేమో 'దొరలది', కల్తీకి వాడేదేమో 'భారతీయం'! పేర్లు పెట్టినవారికి దురుద్దేశం లేకపోవచ్చు, అయినా భాషోపాధ్యాయునికి కొంచెం గుచ్చుకుంటుంది. బస్తర్ అడవులలో తొలకరికి గుగ్గిలం చెట్ల క్రింద నేలలోంచి ఏరే 'బోడ' అనే గడ్డ ఉంది. అది ట్రఫుల్ జాతి కాదు, కాని అక్కడి సంతలలో మాంసం కంటె ప్రియం. దాన్ని ఎవరి పేరుతోనూ అమ్మవలసిన అవసరం రాలేదు.

చివరిగా సీసా సంగతి. 1967లో ఇటలీ రసాయనశాస్త్రజ్ఞులు తెల్ల ట్రఫుల్ వాసనలో గంధకంతో కూడిన ఒక పదార్థాన్ని గుర్తించారు. ఇప్పుడు దాన్ని 2,4-డైథియాపెంటేన్ అంటున్నారు. ప్రయోగశాలలో దాన్ని చౌకగా చేయవచ్చు. నూనెలో కలిపితే ట్రఫుల్ నూనె! 1990లలో ఇది పెద్ద రెస్టారెంట్లనుంచి చిన్న ఇళ్ళవరకు ప్రాకింది. 2007లో డానియల్ పాటర్‌సన్ అనే వంటపెద్ద న్యూయార్క్ టైమ్స్‌లో ఈ రహస్యం విప్పి చెప్పాడు, తానూ కొన్నేళ్ళు అది నిజమనే నమ్మి వాడానని ఒప్పుకుంటూ. అసలు ట్రఫుల్‌లో ఇటువంటి పదార్థాలు పదులకొద్దీ కలిసి ఉంటాయి. నూనెలో సాధారణంగా ఒక్కటే, అదీ గొంతెత్తి అరుస్తుంది. వీణ కచేరీలో ఒకే తీగను సాయంత్రమంతా మీటినట్టు.

కనుక మనుమరాలి ప్రశ్నకు సమాధానం ఇదీ: అమ్మా, నీవు పెట్టింది మంచి వెన్న పాస్తా. పైన వేసినది ఒక తీగ. తప్పు నీది కాదు, సీసా ముందువైపు పెద్ద అక్షరాలలో ఒకటి, వెనుక చిన్న అక్షరాలలో ఒకటి వ్రాసినవారిది. భోజనం ముగిసేదాకా నోరు మూసుకోని తాతది కూడా.

మరుసటి శనివారం ఇద్దరం కలిసి ఉంబ్రియా పద్ధతిలో చేశాం. పిండి, నీళ్ళు కలిపి ముద్ద చేసి, ఒత్తి, చాకుతో దారాలు కోశాం. నావి సేమియాలా కాక తాళ్ళలా వచ్చాయి. నూనెలో వెల్లుల్లి, సన్నగా తరిగిన మామూలు పుట్టగొడుగులు వేశాం. ఒక చిన్న జాడీ వేసవి ట్రఫుల్ ముక్కలు కొనేముందు, పిల్ల అంగట్లోనే నిలబడి వెనుకవైపు అక్షరాలన్నీ పైకి చదివింది. వాసన మంద్రంగా ఉంది, మట్టి వాసన, తడిసిన ఆకుల వాసన. ముగ్గురికి బాగుందన్నారు, మా అబ్బాయికి ఏమీ తెలియలేదన్నాడు.

పాత సీసా పారవేయలేదు. మా కోడలికి ఆ ఘాటే ఇష్టమట. ఆలుగడ్డ వేపుడు మీద రెండు చుక్కలు చల్లుకుంటున్నది.